మా వదిన తోమని నాణేలు

ఎన్నో ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను అని మొదలుపెట్టాను. చదువుకుని కొట్టేశాను. మోసింది నేను కాదు, మా వదిన. ఆ బరువు నాదని ఎవరికీ తెలియకుండా చూసుకోవడం ఒక్కటే నేను చేసిన పని. అదీ తక్కువ పనేం కాదు. ఇంట్లో ఎవరైనా పాత సంగతి ఎత్తితే మాట మళ్లించాలి. నలుగురూ నవ్వితే వాళ్లతో పాటు నవ్వాలి. ఎవరూ నా వైపు చూడకపోయినా ముఖం సర్దుకోవాలి. నాకు అరవై దాటాయి. నా ఉద్యోగం కన్నా ఎక్కువ కాలం చేసిన పని ఇదే.

మా వదిన ఈ ఏడు చనిపోయింది. ఆమె పేరు మస్తానమ్మ. మీకు ఆమె తెలియదు, నేనూ తెలియదు. తెలియని వాళ్లకు చెప్పడం సులువు అనుకున్నాను. కావడం లేదు. నిజానికి చెప్పాల్సింది ఒక్క వాక్యం. మా నాయన దాచుకున్న పాత వెండి నాణేలను పాడుచేసింది నేను, నింద పడింది మా వదిన మీద. రాసేశాను. మరి ఇంకా ఎందుకింత చిరాకు? ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ నేను చేసిన దాంట్లో అది సగమే. మిగతా సగం కోసం మొదటి నుంచి రావాలి.

మాది ఆదోని. దూదేకుల వాళ్లం. మా తాత వింటితో దూది ఏకేవాడు. మా నాయన జిన్నింగు మిల్లులో మేస్త్రీగా చేశాడు. ఊళ్లో నాలుగు రూపాయలు మిగిలిన వాళ్లు ఎమ్మిగనూరు రోడ్డులో స్థలం కొనేవాళ్లు, లేదా బంగారం కొనేవాళ్లు. మా నాయన నాణేలు కొనేవాడు.

కోట కింద పునాదులు తవ్వేటప్పుడో, చేలో గుంటక తోలేటప్పుడో దొరికిన వెండి బిళ్లలను పల్లెల వాళ్లు కరిగించుకోవడానికి వెండి అంగడికి తెచ్చేవాళ్లు. అంగడాయన వాటిని మా నాయన కోసం పక్కన పెట్టేవాడు. వెండి ధర మీద ఇంకాస్త వేసి నాయన తీసుకునేవాడు. వాటి మీద ఉన్నవి ఫారసీ అక్షరాలు. నాయనకు అవి చదవడం రాదు. మసీదులో పిల్లలకు చదువు చెప్పే ముసలాయన ఒకరోజు ఒక నాణేన్ని వెలుతురుకు పెట్టి, అంచులో సగమే పడిన పేరును కూడబలుక్కుని చదివాడు. ఇంతియాజ్‌గఢ్. మొగలాయిల కాలంలో ఆదోనికి ఉన్న పేరు. అంటే ఈ రూపాయి ఎక్కడి నుంచో వచ్చింది కాదు, రోజూ మేం చూసే ఆ కొండ కిందనే అచ్చు కొట్టింది. ఆ తర్వాత నాయన వేరే నాణేలు కొనడం మానేశాడు. ఆ పేరున్నవే కావాలి ఆయనకు.

ఆయన లెక్క ఆయనకుండేది. భూమి వాన మీద ఆధారపడుతుంది, కష్టమొస్తే బంగారం మొదట కుదువ అంగడికి పోతుంది, వీటిని మాత్రం ఇప్పుడు ఎవరూ అడగరు కాబట్టి మన దగ్గరే ఉండిపోతాయి, అడిగే కాలం వచ్చినప్పుడు మనం చెప్పిన ధరకు పోతాయి అనేవాడు. అమ్మ బతికున్నన్నాళ్లూ వాటిని నల్లబిళ్లలు అనేది. అవి నిజంగానే నల్లగా ఉండేవి. ఒక్కోదాన్ని ఒక్కో కాగితంలో మడిచి ఒక రేకు పెట్టెలో పెట్టేవాడు. మా ఇద్దరన్నదమ్ముల ఆస్తి అదేనని చెప్పేవాడు. ముట్టుకోవద్దనేవాడు. ఎందుకు ముట్టుకోకూడదో ఎప్పుడూ చెప్పలేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఆయన మీద కోపం వస్తుంది. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఇలా అనుకున్న మరుక్షణం నా మీద కోపం వస్తుంది. ఆయన చెప్పకపోవడంలో నా తప్పు కొంచెమైనా తగ్గుతుందేమోనని ఈ వయసులో కూడా వెతుక్కుంటున్నాను కదా.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అన్న మిల్లులో రోజు కూలికి పోయేవాడు. వదిన మా ఇంటికి వచ్చి కొన్నేళ్లయింది, చంకలో ఒక ఆడపిల్ల. అమ్మ లేని ఇంట్లో ముగ్గురు మగవాళ్లకు వండిపెట్టేది. నా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండేది కాబట్టి నన్ను పంతులూ అని పిలిచేది. పంతులుకు పప్పులో ఉప్పు తక్కువైనా తెలీదు, పుస్తకంలో చూసి చెప్పాల్సిందే అని అన్నతో అనేది. నాకు నవ్వొచ్చేది. ఆమె అంటే నాకు ఇష్టం. ఇది రాయడం అవసరమా? అవసరమే. పడని మనిషి మీదికి నేరం తోసేయడం వేరు. నేను అలా చేయలేదు.

ఆ ఏడాది వెండి అంగడి ద్వారా బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పాత నాణేలు కొనే మనిషి. పెట్టె తెరిచి ఒక్కో నాణేన్నీ భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. అన్నీ ఒకేసారి తీసుకుంటానని, మొహర్రం పోయాక డబ్బుతో వస్తానని చెప్పి వెళ్లాడు. ఆయన చెప్పిన ధరకు నాయన ముఖం మారిపోయింది. ఆ డబ్బుతో అన్నకు ఎమ్మిగనూరులో సొంత అంగడి, దూది ఏకే మిషను. మిగిలింది నా పై చదువుకు. వారం రోజులు ఇంట్లో అదే మాట. వదిన అయితే అంగడిలో పరుపులు ఏ గోడకు పేర్చాలో కూడా చెప్పేసింది.

బెంగుళూరాయన నాణేలు చూస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఊరి పేరు కోసం ఆయన కళ్లు చికిలించి చూడడం, ఇది సరిగ్గా కనబడడం లేదని ఒకటి రెండుసార్లు అనడం, నాయన ఏదో తప్పు చేసినవాడిలా తల వంచుకోవడం నాకు నచ్చలేదు. మా నాయన నల్లటి బిళ్లలు చేత పట్టుకుని ఒక పెద్దమనిషి ముందు కూర్చోవడం నాకు సిగ్గనిపించింది.

మా వీధి వాళ్లు మొహర్రానికి ఎత్తే లోహపు పీర్లు మా ఇంటి అటక మీద ఉండేవి. నెలవంక కనబడే ముందు వాటిని దించి, చింతపండు నీళ్లలో నానబెట్టి, ఇటుకపొడి వేసి తోముతాం. ముఖం కనబడే దాకా తోమాలి. కాస్త నలుపు మిగిలినా నాయన ఒప్పుకునేవాడు కాదు, మళ్లీ తోమించేవాడు. పీర్లను మగవాళ్లు తోమితే, ఊదు పాత్రలూ తట్టలూ వదిన తోమేది. ఆమె చేతిలో ఇత్తడి అద్దంలా తేలుతుందని వీధంతా చెప్పుకునేవాళ్లు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నది ఇదే. మా ఇంట్లో పాత లోహాన్ని గౌరవించడమంటే తోమడమే. నాకు ఇంకో పద్ధతి తెలియదు.

ఆ మధ్యాహ్నం నాయనా అన్నా పీర్లను గుడ్డలో చుట్టి చావిడికి తీసుకుపోయారు. వదిన పాపను ఎత్తుకుని పూలకు పోయింది. బండ మీద గిన్నెలో చింతపండు పులుసు ఇంకా మిగిలి ఉంది. ఇటుకపొడీ ఉంది. పెట్టె తాళంచెవి అద్దం వెనక మేకుకు ఉంటుందని నాకు తెలుసు.

నేను ఆలోచించలేదని చెప్పలేను. ఆలోచించాను. ఈసారి బెంగుళూరాయన కళ్లు చికిలించే పని లేకుండా చేస్తాను అనుకున్నాను. నాయన పెట్టె తెరిచినప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. నాణేలన్నీ పులుసులో వేశాను. ఒక్కోటీ తీసి తోమాను. అంచున ఊరి పేరు ఉన్నచోట అక్షరాల సందుల్లో నలుపు గట్టిగా పట్టుకుని ఉంది. అక్కడ ఇంకాస్త పొడి వేసి, బొటనవేలు మంట పుట్టే దాకా రుద్దాను. పేరు బాగా కనబడాలని పేరు మీదే ఎక్కువ రుద్దాను. అన్నీ తెల్లగా వచ్చాయి. తుడిచి, మళ్లీ వాటి కాగితాల్లో మడిచి పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పటికి అది దాచడం కాదు. సంబరం.

బెంగుళూరాయన చెప్పినట్టే వచ్చాడు. అందరం అక్కడే ఉన్నాం. నాయన మొదటి కాగితం విప్పాడు. నాణెం మెరిసింది. నాయన ముఖంలో మొదట వచ్చింది సంతోషమేనని నాకు ఇప్పటికీ నమ్మకం. ఒక్క క్షణం. తర్వాత ఆయన ఎదుటి మనిషి ముఖం చూశాడు. ఆ మనిషి ఇంకో కాగితం విప్పాడు. ఇంకోటి విప్పాడు. భూతద్దం బయటికి తీసి మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన కోప్పడలేదు. ఆ నలుపు పట్టడానికి వందల ఏళ్లు పడుతుందని, అదే నాణెం పాతదనానికి సాక్ష్యమని, అక్షరాలు అరిగిపోయాయని, ఊరి పేరు చాలావాటి మీద పోయిందని మెల్లగా చెప్పాడు. చింతపండుతో తోమి ఉంటారు, చాలా ఇళ్లల్లో ఇలాగే జరుగుతుంది అన్నాడు. వెండి ధరకు అయితే తీసుకుంటానన్నాడు. నాయన పెట్టె మూసేశాడు.

ఆయన వెళ్లాక నాయన ఎవరు తోమారని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు.

అప్పుడు చెప్పొచ్చు. తిట్టేవాడు. కొట్టేవాడేమో. కొన్నాళ్లు మాట్లాడేవాడు కాదు. అంతే కదా? ఇంటికి మంచి చేద్దామనే చేశాను నాయనా అంటే, ఎప్పటికో ఒకప్పటికి నవ్వేవాడు కూడా. ఇదంతా ఇప్పుడు ఇంత తేలిగ్గా తోస్తోంది. అప్పుడు తోచింది ఇంకొకటి. వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పండగ సామాను మళ్లీ తోమి ఎత్తిపెట్టిన ఇటుకపొడికి ఆమె వేళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నాయన చూపు ఆ వేళ్ల మీదికి పోవడం నేను చూశాను. అప్పుడు నా నోరు తెరుచుకుంది.

"చింతపండు నానబెట్టింది వదినే గదా" అన్నాను.

అది అబద్ధం కాదు. నానబెట్టింది ఆమే. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఆమెను ముంచాను. అంత చదువుకున్నవాడిని కదా. ఇదే నేను మొదట చెప్పిన రెండో సగం. నాణేలు తోమింది తెలియనితనం. ఈ మాట తెలిసే అన్నాను.

వదిన నా వైపు చూడలేదు. "నేను తోమలేదు మామా" అంది. ఒక్కసారే అంది. నాయన సరేనమ్మా అన్నాడు. నమ్మలేదని ఆ సరేలోనే తెలిసిపోయింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. ఇంటి తాళంచెవులన్నీ తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఆమె ఏ గదిలో ఒంటరిగా ఉంటే ఆ గదిలోకి రావడం మానేశాడు. ఆమె పెట్టిన అన్నం తినేవాడు కానీ, ఇంకొంచెం అని అడిగేవాడు కాదు.

కొన్ని నెలలకు అన్నా వదినా వేరుపడి ఎమ్మిగనూరు వెళ్లిపోయారు. మిషను లేదు. ఒక గోడ పక్కన తడికలు కట్టుకుని, తాత వాడిన విల్లుతోనే పాత పరుపులు ఏకి కుట్టారు. మిషను కొనడానికి వాళ్లకు చాలా ఏళ్లు పట్టింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంట ప్రయాణం. మా నాయన ఆ ఇంటికి ఎప్పుడూ పోలేదు. మనవరాలికి పుస్తకాలు నా చేత పంపేవాడు. నేను తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. వదిన నాకు అన్నం పెట్టేది. నేను తినేవాణ్ణి.

ఆ సంగతి బంధువుల్లో ఒక పరాచికంగా మారింది. ఏ ఇంట్లోనైనా ఏదైనా తళతళా మెరిస్తే, మస్తానమ్మ తోమిందా యేంది అనేవాళ్లు. మొదట్లో ఎత్తిపొడుపు. తర్వాత్తర్వాత అందులో విషం పోయి వట్టి నవ్వు మిగిలింది. వదిన కూడా నవ్వేది. అదే నాకు భరించలేనిదిగా ఉండేది. ఆమె ఏడ్చి ఉంటే నేను చెప్పేసి ఉండేవాడినా? తెలియదు. చెప్పేవాడినేనని అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది, అందుకే ఆ ఆలోచనను నమ్మను.

ఒక్కసారి మాత్రం ఆమెకు చెప్పేద్దామని పోయాను. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చిన తర్వాత. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు అన్నావాళ్లు దిండ్లూ బొంతలూ అమ్మడానికి పోయేవాళ్లు. బస్సులు ఆగేచోట టార్పాలిన్ కింద వదిన ఒక్కతే కూర్చుని దిండు కుడుతోంది. అన్న భోజనానికి పోయాడు. నేను పోయి ముందర నిలబడ్డాను.

"ఏమప్పా పంతులూ, నువ్వు గూడా ఈరన్నకు మొక్కుకున్నావా యేంది?"

"నీతో మాట్లాడల్లని వచ్చినా వదినా."

"మాట్లాడు. ఉత్తగా నిలబడకుండా ఈ దిండు మూతి పట్టుకో, కుట్టేస్తా."

దిండు మూతి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె సూది పోనిస్తోంది. ఆ నాణేలు అన్నాను. 

"నువ్వే తోమినావు" అంది. సూది ఆగలేదు. "నాకు తెలుసు. పూలు తీసుకోని వచ్చేసరికి గిన్నె నిండా నల్లనీళ్లు. బండ గూడా కడగకుండా పోయింటివి. పుస్తకం పట్టుకునే చేతులకు బండ కడిగేది యాడొస్తాది. నేనే కడిగినా."

"మరి ఆ దినమే ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే? తాను తోమి మరిది మీదికి తోస్తాంది అంటారు. నువ్వే సెప్తావులే అనుకున్నా. రేపు సెప్తాడు, ఎల్లుండి సెప్తాడు అని సూసినా. సదువుకున్నోనివి గదా, మంచి మాటలు వెతుక్కుంటాండావేమో అనుకున్నా."

తప్పయిపోయింది వదినా అన్నాను. ఆమె దారం పళ్లతో కొరికి, అప్పుడు నా ముఖం చూసింది.

"నాకేంటికి సెప్తావు? నాకు తెలిసిందే గదా. మీ నాయనకు సెప్పు. ఆయన బతికుండంగానే సెప్పు. మా ఇంటికి వచ్చి ఒక్క ముద్ద తినల్ల ఆయన. నేనడిగేది అంతే."

సెప్తా వదినా అన్నాను. అంతలో ఎవరో దిండు ధర అడిగారు. "నువ్వు కొంటావా పంతులూ? కొనకుంటే పక్కకు జరుగు, బేరం పోతాది" అంది. నేను పక్కకు జరిగాను.

తిరుగు బస్సులో మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఇంటికి పోయేసరికి నాయన పడుకుని ఉన్నాడు. రేపు చెబుదామనుకున్నాను. ఇక దీన్ని పొడిగించను. ఆ రేపు ఎంతకాలం సాగిందో మీరు ఊహించుకోగలరు.

నాయన మంచం పట్టాడు. నేను సెలవు పెట్టి దగ్గరుండి చూసుకున్నాను. కొడుకంటే వాడు అని అందరూ అన్నారు. ఒక సాయంత్రం గంజి తాగిస్తున్నాను. ఉన్నట్టుండి వదిన మాట ఎత్తాడు. ఆ మాటలు ఎలా పలికాడో అలాగే రాస్తాను.

"ఆయమ్మ ఒక్కసారి ఒప్పుకోనింటే సాలురా. పోయి ఆ ఇంట్లో తినొస్తాంటి."

ఆమె అడిగింది ఆయన ఒక్క ముద్ద తినాలని. ఆయన ఎదురుచూసింది ఆమె ఒక్కసారి ఒప్పుకోవాలని. చేయని పనిని ఎట్లా ఒప్పుకుంటుంది? ఈ ఇద్దరి మధ్యా గంజి గిన్నె పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. అంత దగ్గరగా, ఇంకెవరూ లేకుండా మరో అవకాశం రాదు. వచ్చిన అవకాశం ఎదురుగా కూర్చుని ఉంది. నేను ఆయన మూతి తుడిచాను. గంజి చల్లారిపోతుంది, తాగు నాయనా అన్నాను.

ఎందుకు? చాలా చదివాను, చాలామందికి పాఠాలు చెప్పాను, దీనికి మాత్రం మంచి కారణం ఒక్కటి కూడా దొరకలేదు. ఆయన పోయేలోగా ఆయన దృష్టిలో చెడ్డవాణ్ణి కావడం ఇష్టం లేదు. అంతే. ఇంతకన్నా లోతైనది ఏదీ లేదు. నేనేదో పెద్ద భయంతోనో, ఇంటి మంచి కోసమో ఆగానని రాస్తే మీరు నమ్ముతారేమో. రాయను.

చనిపోయే ముందు నాయన ఆ రేకు పెట్టెను నా చేతికిచ్చాడు. నీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది అన్నాడు. తీసుకున్నాను. అది కూడా చేశాను. అన్న వాటా అడగలేదు. అడగడానికి తమకు ముఖం లేదని వాళ్లు అనుకున్నారు. నేను ఆ అనుకోవడాన్ని అలాగే ఉండనిచ్చాను. ఆ ఊరి టంకశాల నాణేలు అరుదైనవని, అరిగినవైనా అడిగేవాళ్లుంటారని తర్వాత చదివి తెలుసుకున్నాను. నాయన లెక్క పూర్తిగా తప్పు కాదు. ఆ మాట కూడా ఎవరికీ చెప్పలేదు.

నాయనను మట్టి చేసి వచ్చిన రోజు వదిన నన్ను ఒక్కసారి చూసింది.  నాయనకు చెప్పలేదన్న జవాబు నా ముఖంలోనే కనబడి ఉంటుంది. ఆ తర్వాత ఆమె నన్ను ఎప్పుడూ పంతులూ అని పిలవలేదు. ఏమప్పా అనేది, దారిన పోయే ఎవరినైనా అన్నట్టు. అన్నం మాత్రం పెట్టేది.

వదిన పోయిన నలభయ్యో దినం ఫాతెహా ఎమ్మిగనూరులోనే జరిగింది. వంటలయ్యాయి. అద్దెకు తెచ్చిన డేగిసాలను పనివాళ్లు తోమి ఎండలో బోర్లించారు. అవి మెరుస్తున్నాయి. బంధువుల్లో ఎవరో, మస్తానమ్మ పైనుంచి వచ్చి తోమి పోయింది రోయ్ అన్నారు. అంతా నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఆమె కూతురు రమీజా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మా యమ్మ ఎంత ఆస్తి తోమేసింది అంది. నేను కూడా నవ్వాను. నవ్వుతుండగా నా గొంతు నాకు వినబడింది.

ఆమె కూతురికి కూడా అదే తెలుసు. రమీజాకు పుట్టబోయే మనవలకూ అదే తెలుస్తుంది. దీనికి ఇక సాక్షి లేదు. ఉన్న ఒక్క సాక్షి పోయింది. నేను నోరు తెరవకపోతే ఇక అదే నిజం. ఇది తట్టినప్పుడు నాకు దుఃఖం రాలేదు. విసుగొచ్చింది. నా మీద నాకు, ఒంట్లో పాకే విసుగు.

కొద్దిరోజులకు పెట్టె తీసుకుని ఎమ్మిగనూరు పోయాను. అంగడిలో మిషను తిరుగుతోంది. అన్న లోపల ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది పెడుతున్నాడు. రమీజా బయట బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తోంది. ఆ చప్పుడులో చెప్పడం సులువనిపించింది. పెట్టె బల్ల మీద పెట్టి ఆమెకు చెప్పాను. తోమిందీ, అన్న మాటా, ఉరుకుందా, గంజీ.  అయ్యాక కత్తెర పక్కన పెట్టి, లోపలికి పోయి స్విచ్ ఆపేసింది.

"నాయనా, సిన్నాయన ఏందో సెప్తాడంట. ఇను" అంది.

అన్న గుడ్డ విప్పుకుంటూ వచ్చాడు. కనురెప్పల మీద కూడా దూది. చప్పుడు లేని అంగడిలో మళ్లీ చెప్పాలి. ఈసారి ఒక్క వాక్యమే వచ్చింది. ఆయన పెట్టె వైపు చూసి, నా వైపు చూశాడు.

"నాయనకు సెప్పినావా?"

"లేదన్నా."

కళ్ల మీది దూది తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"నేను గూడా అడిగినాను దాన్ని" అన్నాడు. "నిజం సెప్పు, నువ్వే తోమినావు గదా అని. కొత్తగా ఈడికి వచ్చినప్పుడు. తర్వాత ఇంకోసారి. లేదనింది. నేను నమ్మలేదు."

అది నాతో అనలేదు. ఎవరితో అన్నాడో నాకు తెలుసు. తర్వాత గుడ్డ మళ్లీ ముక్కుకు కట్టుకుని లోపలికి పోయాడు. మిషను మొదలైంది. అంగడంతా దూది లేచింది. నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

అన్న కాపురంలోకి కూడా నా మాట పోయిందని నేను అంతవరకు ఎప్పుడూ అనుకోలేదు. ఒక మామకూ కోడలికీ మధ్యనే అది ఆగిందనుకున్నాను. ఇన్నేళ్లూ నన్ను నేను పరీక్షించుకుంటున్నానని గొప్పగా అనుకున్నాను. ఆ పరీక్షలో ఈ ప్రశ్నే లేదు.

రమీజా పెట్టెను నా వైపు తోసింది. ఇది ఇచ్చి చేతులు దులుపుకోని పోతావా సిన్నాయనా, ఆ దినం నవ్వినోళ్లందరికీ ఫోన్ చేసి సెప్పు, పెట్టె సంగతి తర్వాత సూస్తాం అంది. గొంతు పెంచలేదు. వాళ్లమ్మ గొంతు.

చేస్తున్నాను. దాంట్లో కూడా చిరాకే. కృష్ణగిరిలో ఉండే మా పిన్నమ్మకు చెబితే, పోనీలేప్పా, ఎప్పటి ముచ్చటో, నువ్వు మనసులో పెట్టుకోవద్దు అంది. నేనేదో ఆమెకు కష్టం చెప్పుకుంటున్నట్టు. ఇంకొకాయన నవ్వి, నువ్వు తోమితే ఏం మెరుస్తాదిరా, మస్తానమ్మ అయింటే ఇంకా బాగా తోముండు అన్నాడు. ఇంకొకరు, సచ్చిపోయినాక ఆయమ్మను మంచిదనిపించల్లని ఇట్ల సెప్తాండావా అని అడిగారు. నా మంచితనం వాళ్లకు అంత గట్టిగా నమ్మకం. నేను కట్టిన నమ్మకమే. ఇప్పుడు పగలగొట్టబోతే పగలడం లేదు. నా పేరు చెడగొట్టుకోవడం ఇంత కష్టమని, ఆమె పేరు చెడగొట్టడానికి ఒక్క వాక్యం సరిపోయిందని, ప్రతి ఫోన్ తర్వాతా అనుకుంటాను. మళ్లీ చేస్తాను. నిజమే చెప్తాండాను, నమ్ము అని బతిమాలుకుంటాను.

అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను. చదివి చూసుకుంటే ఇందులో ఆమె పేరు ఉంది, నా పేరు లేదు. ఇక్కడ కూడా. దానికి రమీజా ఏమంటుందో తెలియదు. అన్న ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తాలని అడిగే హక్కు నాకు లేదు. మీరు నన్ను పోనీలే అనొద్దు. ఆ మాట ఇప్పటికే చాలామంది అన్నారు, అది నాకు అక్కరకు రాలేదు.

ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ రోజు అంగడి నుంచి బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాను. తలంతా, భుజాలంతా దూది. దులుపుకోలేదు. ఆదోని బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు ఏం పెద్దాయనా, పరుపుల అంగడిలో పనా అని అడిగాడు. మా అన్నదప్పా అన్నాను. బస్సు కదిలింది. చెప్పడానికి నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదని అప్పుడు తెలిసింది. నేను చేసినదంతా వెనక ఆ అంగడిలో, వాళ్లిద్దరి దగ్గర ఉంది. వాళ్లు దాన్ని ఏం చేసుకుంటారో వాళ్ల ఇష్టం. నాకు ఊపిరి బాగా ఆడింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ ఆడింది.